కాటుక పెట్టిన కుందేలు

రిటైరయ్యాక మధ్యాహ్నం నిద్ర అలవాటైంది. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ పగలు కునుకు తీసి ఎరగను. ఇప్పుడు అన్నం తిన్న చెయ్యి కడుక్కునేలోపే కళ్ళు వాలిపోతున్నాయి. ఆ నిద్రలో నేను వైద్యం చేసిన పశువులన్నీ వరసగా వస్తాయేమోనని మొదట్లో ఎదురుచూశాను. ఎన్ని బర్రెలకు అడ్డం తిరిగిన దూడల్ని లాగాను, ఎన్ని కుక్కల కాళ్ళకు కట్లు కట్టాను! ఒక్కటీ రాదు. వచ్చేది ఒక్క తెల్ల కుందేలు. మంచం పక్కన గచ్చు మీద కూర్చుని ముక్కు ఆడిస్తూ ఉంటుంది. నేను లేవబోతే ఉండదు. ఫ్యాను తిరుగుతూ ఉంటుంది, కర్టెన్ కదులుతూ ఉంటుంది, అది మాత్రం ఎటు పోతుందో తెలియదు.

ఇప్పుడిప్పుడే పశువుల దవాఖానల్లో చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీరు నాకంటే బాగా చదువుకున్నారు. మేము చూడని యంత్రాలు మీ దగ్గరున్నాయి. నేను చెప్పబోయేది యంత్రాల సంగతి కాదు, నా నోటి సంగతి.

నేను లాల్‌దర్వాజాలో పుట్టి పెరిగినదాన్ని. మా బాపు బస్సు డిపోలో ఫిట్టరు. పాతబస్తీ పిల్ల డాక్టరై పాతబస్తీకే పోస్టింగు వస్తే సంబరపడాలి గానీ, నేను మొదటి రోజే ముఖం ముడుచుకున్నాను. పురానాపూల్ నుంచి నడిచి వచ్చేంత దూరంలో ఉండేది మా దవాఖాన. ఒక హాలు, రెండు గదులు, వెనక బర్రెల్ని నిలబెట్టే ఇనుప చట్రం. మూసీ మీద నుంచి గాలి వస్తే కిటికీలు మూసేవాళ్ళం, గాలి లేకపోతే తెరిచేవాళ్ళం. కొన్నేళ్ళుండి ఎటైనా వెళ్ళిపోదామనుకున్నాను. రిటైరయ్యేదాకా అక్కడే తిరిగాను.

కాంపౌండర్ నాకంటే పెద్దవాడు. కాగితాల్లో ఆయన హోదాకు ఏదో పొడుగాటి పేరుండేది, బస్తీ మొత్తానికి మాత్రం కాంపౌండరే. ఆదివారం చర్చికి వేసుకున్న తెల్ల చొక్కా సోమవారం దవాఖానకు వేసుకొచ్చేవాడు, సాయంత్రానికి దాని రంగు చెప్పడం కష్టమయ్యేది. నేను ఆయన్ని ‘అన్నా’ అనేదాన్ని, ఆయన నన్ను ‘మేడమ్’ అనేవాడు. ఆయనకొక అలవాటు. ప్రతి జంతువు దిగగానే బల్లను తన సొంత తువ్వాలతో తుడిచి, ఆ తువ్వాలను వెలుతురుకు పట్టి చూసి, అప్పుడు నల్లా దగ్గర పిండేవాడు. దవాఖాన గుడ్డలున్నాయి కదా అంటే, “గవి తుడుస్తయి గని చెప్పవు మేడమ్” అనేవాడు. అదేదో ముసలి చాదస్తమనుకున్నాను.

నా సర్వీసు సగం దాటేసరికి బస్తీలో బర్రెలు తగ్గాయి, కుక్కలు పెరిగాయి, ఆ తర్వాత చడీచప్పుడు లేకుండా కుందేళ్ళు వచ్చాయి. పిట్టల బజార్లో కొని పిల్లలకు తెచ్చేవారు. చెప్పుల డబ్బాల్లో, కూరగాయల సంచుల్లో, బురఖా మడతల్లో పెట్టుకుని తెచ్చేవారు. కుందేలు వింత జీవి. నొప్పైనా అరవదు, ఆకలైనా అరవదు. కళ్ళు తెరుచుకునే నిద్రపోతుంది. బల్ల మీద పెడితే మనల్ని చూస్తోందో, కల కంటోందో తెలియదు. మేము చదివేటప్పుడు కుందేలు పాఠం పుస్తకం చివర ఉండేది. అక్కడికొచ్చేసరికి మా సారు “మీరే చదువుకోండి” అన్నారు. మేము చదువుకోలేదు.

ఇక నా కోపం గురించి. సర్వీసంతా నేను ఇంటి మందుల మీద యుద్ధం చేశాను. బర్రె కంట్లో పువ్వు వేస్తే ఉప్పు నమిలి ఊసేవాళ్ళు, కుక్క కన్ను ఎర్రబడితే సుర్మా దిద్దేవాళ్ళు, మేక కంటికి పసుపు మెత్తేవాళ్ళు. అవన్నీ కడిగీ కడిగీ నాకొక గుడ్డి నమ్మకం ఏర్పడింది. కన్ను బాగాలేని జంతువు వచ్చిందంటే ఇంట్లోవాళ్ళు ఏదో పూశారన్నమాటే. చాలాసార్లు నిజమయ్యేది కూడా. అదే నా కొంప ముంచింది.

ఆ కుందేలును పెంచిన పెద్దావిడ మొదటిసారి వచ్చింది ఒక చలికాలపు ఉదయం. డెబ్బై ఏళ్ళు ఉండొచ్చు. హుస్సేనీ ఆలం వైపు ఒక గల్లీలో ఉంటారు, తరతరాలుగా పూజ సామాన్ల హోల్‌సేల్ దుకాణం. కర్పూరం, వత్తులు, అగరుబత్తీలు. ఆమె దగ్గర ఆ వాసనే వచ్చేది. పేము బుట్టలో పాత పట్టుచీర ముక్క పరిచి, దాని మీద కుందేలును కూర్చోబెట్టి తెచ్చింది. బుట్ట మూత తీయగానే నేను ఒక్క క్షణం ఆగిపోయాను. మల్లెపువ్వంత తెలుపు, ఎర్రటి కళ్ళు, ఆ ఎర్రటి కళ్ళ చుట్టూ నల్లగా, సన్నగా కాటుక. పెళ్ళికి తయారై వచ్చినట్టుంది.

“ఏందిది?” అన్నాను.

“కాటుక, డాక్టరమ్మా. నేనే వట్టిన. మా గల్లీల నలభై ఏండ్ల సంది పుట్టిన పిల్లలందరికి నా కాటుకనే.”

“పిల్లలకు సరే. కుందేలుకు కాటుకేంది?”

“తెల్లగ ఉంటది గద. దిష్టి తాకుతదని.”

కాంపౌండర్ నవ్వాడు. నేను నవ్వలేదు. ఎడమ కంటి కింద బొచ్చు తడిసి అట్ట కట్టింది, మూలన పాలలాంటి తెల్లటి చీము. ఆమె ఎంతో ముచ్చటగా చెప్పుకుపోతోంది. ఆముదం దీపం మీద రాగి పళ్ళెం బోర్లించాలి, దానికి పట్టిన మసిని వెన్నతో నూరాలి, నూరేటప్పుడు ఎవరితో మాట్లాడకూడదు, మాట్లాడితే గరుకుగా వస్తుంది. నేను వినడం లేదు. చీటీ మీద చుక్కల మందు రాసి, కింద పెద్ద అక్షరాలతో ‘కాటుక బంద్’ అని రాసి చేతిలో పెట్టాను. మా చీటీలో ‘మేత’ అని ఒక గడి ఉండేది. బర్రెలకు తప్ప నేనెప్పుడూ దాన్ని నింపలేదు. ఆ రోజూ నింపలేదు.

పది పన్నెండు రోజులకు మళ్ళీ వచ్చింది. మందు వేసినన్నాళ్ళు కన్ను శుభ్రంగా ఉందట, ఆపగానే మళ్ళీ మొదలైందట. “కాటుక ముట్టలే అమ్మా, ఒట్టు” అంది. నేను “సరే సరే” అన్నాను. ఆ ‘సరే’ని ఎలా అన్నానో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. మందు మార్చి రాశాను.

ఇంకో నెలన్నరకు మూడోసారి వచ్చింది, ఆ రోజు హాలు కిటకిటలాడుతోంది. కుక్కలకు టీకాలు వేసే రోజు. ఒకదాన్ని చూసి ఒకటి మొరుగుతున్నాయి, ఒక పొట్టేలు ఎవరి చీర కొంగో నములుతోంది. నాకు తెల్లవారుజాము నుంచే తలనొప్పి. ఆమె బుట్ట మూత తీసింది. ఎడమ కన్ను ఎర్రగా, వాపుతో సగం మూసుకుని ఉంది. మూలన నల్లటి ముద్ద.

నల్లటి ముద్ద. నాకు అంతకంటే ఏం కావాలి? దూదితో దాన్ని తీసి, చెయ్యెత్తి హాలంతటికీ కనిపించేలా పట్టుకున్నాను. నాకు మామూలుగా మా గల్లీ మాటే వస్తుంది. కోపం ముదిరితే మాత్రం పుస్తకం తెలుగు వస్తుంది. అది ఇంకా గట్టిగా తగులుతుంది.

“మీరు పెద్దవారు. మీకు ఎన్నిసార్లు చెప్పాలి? మూఢనమ్మకంతో ఈ మూగజీవి కన్ను మీ చేతులతో మీరే పొడుస్తున్నారు. కనీసం జాలి లేదా?”

“నేను పెట్టలే అమ్మా.”

“పెట్టకపోతే ఈ నలుపు ఆకాశం నుంచి ఊడిపడిందా?”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె నా వంక చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. నేను చెప్పింది నిజమేమో అన్న అనుమానం ఆ ముఖంలోకి మెల్లగా రావడం నేను చూశాను. చూసి, నెగ్గాననుకున్నాను. ఆమె బుట్ట మీద పట్టుగుడ్డ కప్పి చీటీ కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది.

కాంపౌండర్ బల్ల తుడిచాడు. తువ్వాలను వెలుతురుకు పట్టాడు. ఆ రోజు మామూలు కంటే ఎక్కువసేపు చూశాడు. తర్వాత నా వంక చూశాడు. నేను “నెక్స్ట్” అని అరిచాను. ఆయన నల్లా దగ్గరికి వెళ్ళిపోయాడు.

తర్వాత మూడు వారాలు నేను సుఖంగా నిద్రపోయాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం.

నాలుగోసారి ఆమె రాలేదు. ఆమె కోడలు తెచ్చింది. దవాఖాన ఖాళీగా ఉంది, బయట ఎండ తెల్లగా కాస్తోంది, రోడ్డు మీద ఎవరూ లేరు. బుట్టలో కుందేలు ముడుచుకుని ఉంది. ఎడమ కన్ను ముందుకు పొడుచుకొచ్చి, నీలం పాలు పోసినట్టు మబ్బేసి ఉంది.

“నాలుగు దినాల సంది ఏం తింటలేదు మేడమ్” అంది కోడలు. “అత్తమ్మ గూడ సక్కగ తింటలేదు. కాటుక గిన్నె అటుక మీద వడేసింది. నా చేత్తోనే దాని కన్ను తీసిన అంటున్నది. గా దినం మా గల్లీ ఆమె కోడిని వట్టుకోని మీ కాడికి వచ్చిందంట, అత్తమ్మ ఇల్లు చేరకముందే గల్లీ అంత తెలిసింది. మొన్న పక్కింట్ల మనుమరాలు పుట్టింది. కాటుక అడగనీకె ఎవ్వరు రాలే. ఎన్నడు గిట్ల కాలే.”

అలవాటు కొద్దీ కంటి మూలన దూది పెట్టాను. మళ్ళీ అదే నలుపు. ఈసారి ఎందుకో దాన్ని రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపాను. కాటుకైతే జిడ్డుగా పాకాలి. ఇది ఎండిన మట్టిలా పొడి పొడిగా రాలింది. ఎండిన పుసి. బుట్ట దుమ్ము అంటి నల్లబడిన పుసి, అంతే.

“మేడమ్” అన్నాడు కాంపౌండర్ వెనక నుంచి. “దీని నోరు జర సూస్తరా?”

“నోరెందుకన్నా?”

“ఇది దిగినంక బల్ల తుడిస్తె ఎప్పుడు గదుమ కాన్నే తడి ఉంటది. కంటి నీళ్ళు గావు, జిగురున్నది. నోట్లకెల్లి కారుతున్నది.”

“ఎప్పటి సంది?”

“రెండోపారి వచ్చినప్పటి సంది.”

“మరి చెప్పలేదేందన్నా!”

ఆయన తువ్వాల మడత పెడుతూ, నా ముఖం చూడకుండా అన్నాడు. “చెప్దామనుకున్న. మీరు కోపంల ఉన్నరు.”

పిల్లలూ, నా సర్వీసులో నాకు చాలా మెమోలు వచ్చాయి. ఇంత పొట్టి మెమో, ఇంత ఖచ్చితమైన మెమో ఇంకొకటి రాలేదు.

నోరు తెరిచి చూశాం. చెవులు చూసే దీపపు గొట్టం పెడితే లోపల దవడ పళ్ళు కనిపించాయి. ముళ్ళలా పెరిగి, ఒకటి బుగ్గను కోస్తోంది. ‘ఏం తింటది?’ అని అప్పుడు అడిగాను. నాలుగో రాకలో.

“చాయ్‌ల నానవెట్టిన బిస్కెట్లు, మెత్తగ పిసికిన రొట్టె” అంది కోడలు. “అత్తమ్మ తను తినేదే దానికి పెడ్తది. గడ్డి మా గల్లీల యాడిది మేడమ్?”

కుందేలు పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలితేనే అరుగుతాయి. అరగకపోతే పైకి పెరగడమే కాదు, వేళ్ళు లోపలికి కూడా తోసుకుపోతాయి. కంట్లో నీరు ముక్కులోకి దిగే సన్నని కాలువ సరిగ్గా ఆ పళ్ళ వేళ్ళ పక్క నుంచే వెళ్తుంది. కాలువకు అడ్డంగా బండ పడితే నీళ్ళు వాకిట్లో నిలుస్తాయి కదా, ఇదీ అంతే. నీళ్ళు నిలిచి, కుళ్ళి, కన్ను పుండైంది. నేను మూడు నెలలు వాకిలి ఊడుస్తూ కూర్చున్నాను.

ఎక్స్‌రే కోసం ఊరవతల పెద్దాసుపత్రికి వెళ్ళాలి. కోడల్ని ఇంటికి పంపించి నేనే ఆటో ఎక్కాను. ఎందుకు వెళ్ళానంటే, ఆ బుట్టను ఇంకొకరి చేతికి ఇవ్వడానికి మనసొప్పలేదు. ఆ ప్రయాణం నాకిప్పటికీ నిజంగా జరిగినట్టు అనిపించదు. బుట్ట నా ఒళ్ళో ఉంది. వంతెన మీద ట్రాఫిక్ ఆగిపోయింది. ఆటో అతను ఇంజన్ ఆపేశాడు. కింద మూసీ పచ్చటి నాచు వేసుకుని కదలకుండా ఉంది, గట్టున ఎవరో ఉతికిన తెల్ల దుప్పట్లు ఆరేశారు, వాటి మధ్య కొంగలు నిలబడి ఉన్నాయి. ఏది దుప్పటో, ఏది కొంగో తెలియని ఎండ. పట్టుగుడ్డ కింద నుంచి కుందేలు గుండె నా తొడకు తగులుతోంది, చాలా వేగంగా, చాలా తేలిగ్గా. హారన్లు ఎక్కడో దూరంగా మోగుతున్నాయి. ఆ ట్రాఫిక్ ఎప్పటికీ కదలకపోతే బాగుండుననిపించింది. కదిలితే ఫిల్ము చూడాలి, చూశాక ఆమెకు చెప్పాలి.

ఫిల్ములో పళ్ళ వేళ్ళు కోరల్లా పైకి పాకి ఉన్నాయి. అక్కడే మత్తిచ్చి ముళ్ళు అరగదీశారు. మర్నాడు మా దవాఖానలో కాలువ కడగడం నా వంతు. కుందేలుకు కింది రెప్ప లోపల ఒకే ఒక రంధ్రం ఉంటుంది, సూది మొనంత. కంట్లో మత్తు చుక్కలు వేసి, దారమంత సన్నని ప్లాస్టిక్ గొట్టం అందులోకి దింపి, గోరువెచ్చటి ఉప్పునీరు మెల్లగా పంపాలి. కాంపౌండర్ రెండు చేతులతో కుందేలు తల పట్టుకున్నాడు. మొదటిసారి నీళ్ళు వెనక్కి చిమ్మాయి. రెండోసారీ అంతే. గొట్టం తీసి మళ్ళీ దింపాను.

“ఫికర్ జెయ్యకుర్రి మేడమ్, నిమ్మలంగ” అన్నాడు ఆయన.

మూడోసారి ఊపిరి బిగబట్టి నొక్కాను. ఎక్కడో లోపల ఏదో వదిలినట్టు నా బొటనవేలికి తెలిసింది. కుందేలు ముక్కులో నుంచి తెల్లటి చీము తీగలా సాగి వచ్చింది, ఆ తర్వాత పల్చగా, ఆ తర్వాత వట్టి నీళ్ళు. కంట్లో పోసిన నీళ్ళు ముక్కులో నుంచి బయటికి. కుందేలు తుమ్మింది. దాని నోటి నుంచి నేను విన్న మొదటి చప్పుడు అదే. మేమిద్దరం పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం.

నవ్వు ఎక్కువసేపు లేదు. కంటి పొర మీద పుండు ఉందో లేదో చెప్పే రంగు మందు తాకించాను. పుండు ఉన్నచోట పచ్చగా వెలగాలి. కన్నంతా పచ్చగా వెలిగింది. ప్రాణం దక్కుతుంది. కన్ను దక్కదు. మొదటి రోజే నోరు చూసి ఉంటే రెండూ దక్కేవి.

రెండు రోజుల తర్వాత కుందేలును తీసుకెళ్ళడానికి ఆమె వచ్చింది. మనిషి సగమైంది. గుమ్మం దగ్గరే నిలబడింది, లోపలికి రాలేదు. నేను బయటికెళ్ళి చెప్పాను. పళ్ళ సంగతి, కాలువ సంగతి, ఇకపై రెండు నెలలకోసారి పళ్ళు అరగదీయించాలన్న సంగతి. ఆఫీసులో రిపోర్టు చదివినట్టు చెప్పాను.

ఆమె అంతా విని, “అంటే నా కాటుక తోని కాదా?” అంది.

“కాదు.”

“మరి బిస్కెట్ల తోనా? అదీ నా చెయ్యే గద.”

నేను ఇది ఊహించలేదు. ఒక తప్పు ఆమె నెత్తి మీద నుంచి దించుతూ ఇంకొకటి ఎత్తబోయాను. “గడ్డి పెట్టాలని చెప్పాల్సింది నేను పెద్దమ్మా. ఏం తింటదని నేను అడగనే లేదు. అడిగుంటె మొదటి దినమే తెలుస్తుండె” అన్నాను.

పావురాలు గోడ మీద దిగి, మళ్ళీ లేచిపోయాయి. తర్వాత ఆమె మెల్లగా అంది. “గీ మాట మీరు నా ఒక్కదానికి చెప్తున్నరు డాక్టరమ్మా. గా మాట గంత మంది ముంగట అన్నరు. శుక్రారం పక్కింట్ల మనుమరాలికి తొట్టెల. నన్ను పిల్వనీకె వచ్చిన్రు గని, కాటుక డబ్బ దుకాణంల కొనుక్కున్నరు. మీరు వచ్చి గీడ చెప్పింది గాడ చెప్పుర్రి.”

బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. నేను గవర్నమెంటు డాక్టర్ని. బారసాలకు వెళ్ళి క్షమాపణ చెప్పాలా? ఇదెక్కడి లొల్లి? లోపలికొచ్చి ఫైళ్ళు అటూ ఇటూ విసిరాను. కాంపౌండర్ బల్ల తుడుస్తున్నాడు, బల్ల మీద ఏ జంతువూ లేకపోయినా.

“నేను ఆఫీసర్ననన్న ఖ్యాలు ఉన్నదా అన్నా ఆమెకు?” అన్నాను.

“తిట్టినప్పుడు మీకు గా ఖ్యాలు లేకుండె గద మేడమ్” అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరం నడుచుకుంటూ వెళ్ళాం. హుస్సేనీ ఆలం గల్లీలు ఆ వేళకు నిద్రపోతున్నట్టుంటాయి. రెండు వైపులా ఎత్తు గోడలు, మధ్యలో ఆకాశం ఒక పట్టీ. ఆ ఇంటి నడిమి వాకిట్లో తొట్టెల కట్టారు, పూలు చుట్టారు. సాంబ్రాణి పొగ ఎండలోకి లేస్తోంది. పొగలో ఆడవాళ్ళ ముఖాలు కనిపిస్తూ, కనిపించకుండా ఉన్నాయి. ఆమె అందరికంటే వెనక, స్తంభానికి ఆనుకుని కూర్చుంది. నా భుజాన దవాఖాన సంచి చూసి, “ఎవరి కుక్కకు ఏమైంది?” అని ఒకావిడ అడిగింది.

దారి పొడుగునా నేను మాటలు కూర్చుకున్నాను. ‘నా వృత్తి జీవితంలో జరిగిన ఒక పొరపాటును’ అంటూ, నీటుగా. నోరు తెరిస్తే ఒక్కటీ రాలేదు. మా గల్లీ మాటే వచ్చింది.

“గా కుందేలు కన్ను పెద్దమ్మ కాటుక తోని పోలే. పండ్ల రోగం తోని పోయింది. మూడు పార్లు నా కాడికి తెచ్చింది, మూడు పార్లు నేను నోరు సూడలే. సూడకుంటనే తిట్టిన. తప్పు నాది. ఆమెది గాదు.”

తొట్టెల తాడు కిర్రుమంటోంది. ఆనాడు కోడిని తెచ్చినావిడ ముందుకొచ్చింది.

“మరి గా దినం నల్లగ సూపెట్టింది ఏంది డాక్టరమ్మా? నేను నా కండ్లతోని సూసిన.”

“పుసి” అన్నాను. “ఎండిన పుసి.”

వాకిలంతా పకపకా నవ్వింది. నా వెనక కాంపౌండర్ కూడా నవ్వడం వినిపించింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, అయినా ఛాతీ మీద నుంచి బండ దిగినట్టుంది.

పాప నాయనమ్మ లేచి, “అయితె కాటుక మంచిదేనన్నట్టు గద?” అంది. మళ్ళీ నాలో డాక్టరు లేచింది. పసిపిల్లల కళ్ళల్లో ఏ కాటుకా వద్దు, చెంప మీదో అరికాలి మీదో చుక్క పెట్టుకోండి, అన్నాను. ఇద్దరు ముగ్గురు గొణిగారు. స్తంభం దగ్గర నుంచి ఆమె అంది. “సరే, అరికాలుకే పెడ్త. దిష్టికి యాడ పెడితె ఏంది?” కోడలు అప్పటికే ఇంటికి పరుగెత్తింది, అటుక మీద నుంచి గిన్నె తేవడానికి. నాయనమ్మ దుకాణంలో కొన్న డబ్బాను కొంగు కింద దాచేసింది. ఆమె వచ్చి తొట్టెల మీదికి వంగి, పాప కాలు పట్టుకుని, ఉంగరపు వేలితో ఒక చుక్క పెట్టింది. పాప కాలు ముడుచుకుని మళ్ళీ చాపింది.

అన్నం తిని వెళ్ళమన్నారు. తిన్నాను. తర్వాత కన్ను ఎలా ఉందో చూద్దామని ఆమెతో పాటు పక్కింటికి వెళ్ళాను. తర్వాతి రెండేళ్ళు ఆ కుందేలు పళ్ళు నేనే దగ్గరుండి అరగదీయించాను. కానీ అన్నిటికంటే బాగా గుర్తున్నది ఆ మధ్యాహ్నమే. నడిమి వాకిట్లో ఎండ నాలుగు పలకలుగా పడి ఉంది. పచ్చిగడ్డి కట్ట విప్పి పరిచి ఉంది. కుందేలు దాని పక్కన కూర్చుని ఒక పోచను మెల్లగా నోట్లోకి లాక్కుంటోంది. పోచ పొడుగు తగ్గుతూ తగ్గుతూ మాయమైంది. ఇంకొకటి మొదలైంది. నేను వెళ్ళి దాని ఎడమ పక్కన నేల మీద కూర్చున్నాను. వీపు మీద చెయ్యి వేశాను.

అది అదిరిపడి గోడ మూలకు దూకింది.

ఆమె కొంగు దులుపుకుంటూ వచ్చి దాన్ని ఎత్తుకుంది, గడ్డి దగ్గరికి తెచ్చి కూర్చోబెట్టి, తను కుడి పక్కన చతికిలబడింది. ఇన్నాళ్ళూ నన్ను డాక్టరమ్మా, మీరు అన్న మనిషి, తన పక్కన నేల మీద అరచేత్తో తట్టి అంది.

“గా దిక్కు కూసోకు బిడ్డా. గా దిక్కు నుంచి నువ్వు దానికి కనవడవు, బుగులువడ్తది. ఇటు దిక్కు రా.”

నేను లేచి ఆమె పక్కకు వెళ్ళి కూర్చున్నాను.